పాట నిలిచింది, కథ ఎందుకు జారిపోయింది?
(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాట కచేరీకి ముందు ఉపన్యాసం పెట్టడం మన నిర్వాహకులకు అలవాటు. ఉగాదినాడు పిండివంటలకు ముందు వేపపువ్వు నోట పెట్టినట్టన్నమాట. మీరు ముఖం చిట్లించక ముందే ముగించడానికి ప్రయత్నిస్తాం.

మేము ముగ్గురం. ఇద్దరం బడిలో తెలుగు చెప్పేవాళ్లం. మూడోవారు చక్కెర మిల్లులో పద్దులు రాసి రిటైరైనవారు. మాట్లాడుతున్న గొంతు ఒకటే అయినా మాట ముగ్గురిదీ. ఈ మారిషస్ దీవిలో మన పెద్దవాళ్లు చెప్పే ఇంటి కథలు విని, రాసి, ఇలాంటి సంచికల్లో అచ్చువేయించాలని కొన్నేళ్ల కిందట పని పెట్టుకున్నాం. మొదలుపెట్టిన నాడు మా జాబితాలో 14 మంది పెద్దలుండేవారు. ఈ ఉగాదికి అయిదుగురు మిగిలారు. అందుచేత నవ్వుతూ మాట్లాడుతున్నా, మాకు తొందరగా ఉంది.

మొదట మా తప్పు చెప్పుకుంటాం.

జాబితాలో తొలి పేరు ఒక మామ్మది. పేరు చెప్పం. ఆవిడ మనవరాలు ఈ సభలోనే ఉంది, సిగ్గుపడుతుంది. ప్రశ్నల కాగితం పట్టుకుని వెళ్లి, మామ్మ చెప్పిన జవాబులన్నీ వరసగా రాసుకుని కథ తయారుచేశాం. ఏ ఎస్టేటులో పుట్టింది, ఎన్నో ఏట పెళ్లయింది, ఎంతమంది పిల్లలు, ఎవరెవరు ఏ ఉద్యోగాల్లో ఉన్నారు, ఆవిడ ఎంత దయగలది, ఎంత పొదుపరి, అన్నీ ఉన్నాయి. ఒక్క తేదీ తప్పు లేదు. ఒక ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చదివాం. రెండో పేజీకి పిల్లలు లేచిపోయారు. మూడో పేజీకి అల్లుడుగారు కునికిపాట్లు పడ్డారు. మామ్మ మాత్రం చివరిదాకా ఓపికగా విని, "బాగుంది బాబూ, ఇది ఎవరి గురించి?" అని అడిగింది.

ఆ ప్రశ్న మా చెవుల్లో చాలా రోజులు మోగింది.

ఆ తరువాత మూడు వారాలకు ఒకరింట రామభజనం జరిగింది. మీకు చెప్పాల్సిన పని లేదు గాని, ఇండియా నుంచి వచ్చిన అతిథులు ఉన్నారు కాబట్టి ఒక్క మాట. మా దగ్గర భజనమంటే నడిమధ్య దీపపు సెమ్మె పెట్టి, దాని చుట్టూ తిరుగుతూ, తాళాలు వేస్తూ, రాత్రంతా పాడడం. ఆ రాత్రి మామ్మ మనవరాలు అక్కడ ఉంది. ఇంట్లో మాట్లాడేది క్రియోల్, బడిలో చదివేది ఇంగ్లీషు, ఫ్రెంచి. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. అటువంటి పిల్ల ఒక పాత పాట ఎత్తుకుని మొదటి నుంచి చివరిదాకా పాడింది. చేతిలో నోటుపుస్తకం ఉంది, అందులో వాళ్లమ్మ ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చిన పాట ఉంది. కాని దాని వంక చూడనైనా చూడలేదు. ఒక్క మాట పొల్లుపోలేదు.

1840లకే కోరంగి రేవు నుంచి ఓడలు ఈ దీవికి వచ్చాయి. ఆ పాట ఏ ఓడలో వచ్చిందో ఎవరికీ తెలియదు. అది నిక్షేపంగా ఉంది. మేము రాసిన కథ వయసు మూడు వారాలు. అది అప్పుడే పోయింది.

పాటలో ఏముంది, మా కథలో ఏం లేదు? ఈ ప్రశ్న పట్టుకుని మేము ఒక వీణ టీచరుగారి దగ్గరికి వెళ్లాం. ఆవిడ నవ్వి, "ఉపన్యాసాలు నాకు రావు, క్లాసులో వెనక కూర్చోండి" అన్నారు. ముగ్గురం పిల్లల వెనక చాప మీద కూర్చున్నాం. రిటైరైనవారికి మోకాళ్ల నొప్పులు, అది వేరే కథ.

ఆ చాప మీద మాకు మొదట దొరికిన మాట 'సంగతి'. తెలుగులో సంగతి అంటే విషయం. "ఏమిటి సంగతి?" అని రోజూ అడుగుతాం. పాటలో మాత్రం సంగతి అంటే వేరు. పల్లవిని మొదట సాదాగా పాడతారు. అదే మాటల్ని మళ్లీ పాడతారు. ఈసారి స్వరం ఒకచోట కొంచెం తిరుగుతుంది. మూడోసారి ఆ తిరుగుడుకు మరొక మెలిక. ఇలా ఆరేడుసార్లు వచ్చేసరికి, మాటలు మొదటివే అయినా పల్లవి మొదట విన్నది కాదు. మొట్టమొదటే ఆఖరి సంగతి పాడితే వినేవాడికి ఏమీ అర్థం కాదు. ఒక్కొక్కటే ఎక్కివచ్చాడు కాబట్టి ఆఖరి మెట్టు మీద వాడికి ఒళ్లు పులకరిస్తుంది.

ఈ సంగతుల పద్ధతికి పెద్ద పీట వేసినవారు త్యాగరాజస్వామి. ఆయన 1767లో పుట్టి 1847లో కన్నుమూశారు. తెలుగు నేలకు దూరంగా, కావేరి ఒడ్డున తిరువయ్యూరులో, చుట్టూ అరవం వినిపిస్తుండగా తెలుగులో పాడిన మనిషి. ఆయన కన్నుమూసేనాటికే మనవాళ్లు కొందరు ఈ దీవిలో చెరకు నరుకుతున్నారు. పరాయి నేల మీద తెలుగు నిలబెట్టుకున్నవాడు కాబట్టి ఆయన మనకు చుట్టమే అని మేము అనుకుంటూ ఉంటాం. సంగీత విద్వాంసులు నవ్వితే నవ్వనివ్వండి.

మా కథలో పల్లవి లేదు. తిరిగి వచ్చే చోటు ఏదీ లేదు. పుట్టుక నుంచి ముసలితనం దాకా తిన్నగా నడిచిపోయిన రోడ్డు. దయగలది, పొదుపరి అని మొదటి పేజీలోనే చెప్పేశాం. అంటే ఆఖరి సంగతి ముందే పాడేశాం. ఇక వినేవాళ్లు ఎందుకు కూర్చుంటారు?

రెండో మాట 'ఎత్తుగడ'. ఇదీ ఇంటి మాటే, పాట మాటా. తాళం సరిగ్గా ఎక్కడ మొదలవుతుందో పాట అక్కడే మొదలైతే దాన్ని సమం అంటారు. తాళం వేయడం మొదలయ్యాక కాస్త ఆగి పాట ఎత్తుకుంటే అనాగతం. పాట ముందే మొదలైపోతే అతీతం. ఒకసారి టీచరుగారు చెయ్యి తొడ మీద వేసి, అర క్షణం ఊరుకుని అప్పుడు గొంతెత్తారు. ఆ అర క్షణంలో క్లాసంతా మెడలు నిక్కించింది. మేము ముగ్గురం మొహాలు చూసుకున్నాం. మేము రాసిన ప్రతి కథా "ఫలానా సంవత్సరంలో ఫలానా ఎస్టేటులో జన్మించెను" అనే మొదలవుతుంది. మనిషి పుట్టిన చోటే కథ పుట్టాలని రూలు ఎవరు పెట్టారు?

శ్రుతి గురించి ఎక్కువ చెప్పం, మాకే సిగ్గు. మామ్మ మాట్లాడేది ఉత్తరాంధ్ర పల్లె యాసకు క్రియోల్ కలిసిన తెలుగు. మేము దాన్ని కడిగి, ఇస్త్రీ చేసి, పాఠ్యపుస్తకం తెలుగులోకి మార్చాం. ఆవిడ గొంతు పోయింది. "ఇది ఎవరి గురించి?" అని ఆవిడ అడగడంలో వింతేముంది?

ఇక్కడ బుర్రకథ మాట చెప్పాలి. మా చిన్నప్పుడు గ్రామఫోను రికార్డుల్లో విన్నదే గాని ఎదురుగా చూసింది తక్కువ. ఈ కళకు నాజర్‌గారి పేరు పర్యాయపదం లాంటిది. 1920లో పుట్టి, 1986లో పద్మశ్రీ అందుకుని, 1997లో పోయారు. బుర్రకథలో ముగ్గురుంటారు. నడుమ కథకుడు తంబురా భుజాన వేసుకుని కథ చెబుతాడు. అటొకరు ఇటొకరు గుమ్మెటలు వాయిస్తూ వంత పాడతారు. ఆ వంతవాళ్లలో ఒకరు హాస్యం చేస్తారు, ఒకరు లోకం పోకడ మాట్లాడతారు. మేము గమనించిందేమిటంటే, వంతవాళ్లు ఊరికే శ్రుతి కలపరు. కథకుణ్ని ఆపుతారు, అడుగుతారు, ఎదురుచెబుతారు, ఆశ్చర్యపోతారు. మనం అరుగు మీద కూర్చుని ఏం అడగాలనుకుంటామో అదే వాళ్లు అడుగుతారు. అంటే వినేవాడికి వేదిక మీదే ఒక కుర్చీ వేశారన్నమాట. మా కథలో అన్నిటికీ మేమే జవాబులు చెప్పేశాం. అడగడానికి ఒక్క ప్రశ్న మిగల్చలేదు. వంతకు చోటు లేదు.

విజయనగరం ఆదిభట్ల నారాయణదాసుగారి (1864-1945) హరికథల సంగతి కూడా చెప్పాలనుకున్నాం. హరికథలో పిట్టకథ ఎక్కడ పెట్టాలి అన్నది ఒక పెద్ద విద్య. టైము చూపిస్తున్నారు, వదిలేస్తాం.

ఇంతవరకు విని మీలో కొందరికి ఒక అనుమానం వచ్చి ఉండాలి. పాటలన్నీ నిలిచాయా ఏమిటి? లేదు. తాళ్లపాక అన్నమాచార్యులవారి (1408-1503) సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో భద్రపరిచారు. వందల ఏళ్లు అవి ఆ చీకట్లోనే ఉన్నాయి. 20వ శతాబ్దిలో పరిష్కరించి అచ్చువేశారు. వేల కొద్దీ పాటలు బయటపడ్డాయి. ప్రతి పాట మీదా రాగం పేరుంది. పాడేవాళ్ల నోట నడవక వరసలు మాత్రం చాలావరకు పోయాయి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలైన పెద్దలు కూర్చుని మళ్లీ వరసలు కట్టారు. రాగి మాటను కాపాడింది, గొంతును కాపాడలేకపోయింది. మన భజన పాటల సంగతి సరిగ్గా దీనికి తలకిందులు. గొంతు కాపాడింది, అర్థం జారిపోయింది. ఆ మనవరాలిని తరువాత అడిగాం, "అమ్మా, ఆ పాటకు అర్థం తెలుసా?" అని. "తెలియదు టీచర్, కాని పాడుతుంటే ఏడుపొస్తుంది" అంది.

మేము ఆ మాటకు సంతోషించామో దుఃఖించామో ఇప్పటికీ చెప్పలేం. అర్థం తెలియకుండానే పాట బతకగలదు. కథకు ఆ వీలు లేదు. అందుకని పాట దగ్గర అన్నీ నేర్చుకోకూడదనీ, దాని నడక మాత్రమే నేర్చుకోవాలనీ మాకు అర్థమయింది. పాటలో పల్లవి చెవిని పట్టుకుని లాగుతుంది. కథలో పల్లవి మాటల మోత కాకూడదు, మనిషి బతుకులోంచి రావాలి. దాన్ని ఎక్కడ వెతకడం?

సెగా పాడేవాళ్లు ఈ ప్రశ్నకు దారి చూపించారు. సెగా మన పొరుగువారి సొత్తు. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికావాళ్ల దుఃఖంలోంచి పుట్టింది. 2014లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. సెగాకు ప్రాణం రవాన్ అనే మేకతోలు వాయిద్యం. వాయించే ముందు దాన్ని మంట దగ్గర పట్టుకుని వెచ్చచేస్తారు. వెచ్చబడితేనే తోలు బిగుస్తుంది, మోగుతుంది. ఇది చూసినప్పుడు మాలో పెద్దాయన, "మనూళ్లల్లో డప్పు కూడా అంతేనట, మా తాత చెప్పేవాడు" అన్నారు. అంతే, మా ప్రశ్నల కాగితం గుర్తొచ్చింది. చల్లటి డప్పు మీద కొట్టి, మోగలేదని మేము చిరాకుపడ్డాం.

ఆ తరువాత మామ్మ ఇంటికి కాగితం లేకుండా వెళ్లాం. ఒకనాడు ఆవిడతో పాటు చిక్కుళ్లు వలిచాం. ఒకనాడు ఊరికే టీ తాగి వచ్చాం. మూడోసారో నాలుగోసారో వంటింట్లో కూర్చుని ఉండగా, మామ్మ అన్నానికి బియ్యం కొలిచింది. కొలిచిన దాంట్లోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న డబ్బాలో వేసింది. అదేమిటి మామ్మా అంటే, "అలవాటు" అంది. ఎవరు నేర్పారంటే, "మా అమ్మమ్మ" అంది. ఇక ఆ సాయంత్రం మేము లేవలేదు. వెచ్చబడింది.

రెండోసారి రాసిన కథ ఆ పిడికెడు బియ్యంతో మొదలయింది. మామ్మ పుట్టిన సంవత్సరం అందులో నాలుగో పేజీలో గాని రాదు.

పిడికెడు మొదటిసారి వచ్చినప్పుడు మామ్మ ఆరేళ్ల పిల్ల. ఆకలి మీదుంది. అమ్మమ్మ కొలిచిన బియ్యంలోంచి పిడికెడు వెనక్కి తీస్తుంటే, పిసినారి అని మనసులో తిట్టుకుంటుంది. రెండోసారి వచ్చినప్పుడు పిల్లకు పదేళ్లు. అమ్మమ్మ అసలు సంగతి చెబుతుంది. ఆ అలవాటు ఆవిడకు వాళ్లమ్మ నేర్పింది. వెనకటి రోజుల్లో ఎస్టేటులో ఒక రోజు పనిలోకి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. చరిత్ర పుస్తకాల్లో దీన్ని రెండింతల కోత అని రాస్తారు. జ్వరమొచ్చి పడుకున్న మనిషికి ఆ రోజు కూలీ లేదు, నిన్నటిదీ లేదు. ఆ రోజు కోసం పిడికెడు. మూడోసారి 1960 ఫిబ్రవరి. కెరోల్ తుఫాను. ఇంటి పైకప్పు రేకులు ఎగిరిపోయాయి. గోడ కూలింది. తెల్లవారి మామ్మ మట్టి పెళ్లల కింద చేతులు పెట్టి వెతుకుతుంటే నగల కోసమనుకున్నారు. డబ్బా పైకి తీసింది. నాలుగిళ్లవాళ్లకు ఆ పూట గంజి అదే. నాలుగోసారి మామ్మ కూతురు కొత్త ఫ్లాటులో కరెంటు కుక్కరులో అన్నం పెడుతుంది. కప్పుతో కొలిచి, పిడికెడు తీసి మళ్లీ సంచిలో పోస్తుంది. ఎందుకని పక్కింటావిడ అడిగితే, ఆమెకే తెలియదు. కథ అక్కడ ఆగుతుంది.

దయగలది అన్న మాట ఆ ప్రతిలో ఎక్కడా లేదు. పొదుపరి అన్న మాటా లేదు. కొట్టివేయడం మాకు కష్టంగానే ఉండింది. మాకెంతో ఇష్టమైన ఒక పేజీ పొడుగు వర్ణన, తెల్లవారి చెరకు తోటల మీద మంచు, అదీ పోయింది. పల్లవి దగ్గరికి తిరిగి రానివ్వని చరణం ఎంత అందంగా ఉన్నా కచేరీలో పాడరని టీచరుగారన్నారు.

ఆ కథ మామ్మ వినలేదు. మేము పూర్తిచేసే లోపల ఆవిడ పోయింది. సంవత్సరీకం నాడు, భోజనాలయ్యాక, ఇంట్లోవాళ్లు అడిగితే చదివాం. మూడో సంగతి దగ్గర, డబ్బా పైకి తీసిన చోట, మనవరాలు మధ్యలో లేచి, "టీచర్, అది మామూలు డబ్బా కాదు, బిస్కెట్ల డబ్బా. మూత మీద రాణీగారి బొమ్మ ఉండేదని మామ్మ నాతో చెప్పింది" అంది. పెద్ద మావయ్య కాదన్నాడు, పాలపొడి డబ్బా అన్నాడు. చిన్న పిన్ని రెండూ కాదు, తుఫానుకు ముందు మట్టి కుండ ఉండేదంది. గంజి తాగిన నాలుగిళ్లు ఎవరివన్న దాని మీద ఇంకో తగాదా. అరగంట గడిచినా మా కాగితం వంక చూసినవాళ్లు లేరు. మొదటిసారి చదివినప్పుడు నిద్రపోయిన అల్లుడుగారే ఈసారి అందరికంటే గట్టిగా అరుస్తున్నారు.

మా రిటైరైన మిత్రుడికి పద్దులు తేలకపోతే నిద్ర పట్టదు. "ఏ డబ్బానో తేల్చకుండా ఎలా అచ్చువేస్తాం?" అని దిగులుపడ్డారు. వీణ టీచరుగారికి చెబితే, త్యాగరాజస్వామి శిష్యుల్లో ఉమయాల్పురంవారని, తిల్లైస్థానంవారని, వాలాజాపేటవారని మూడు పరంపరలున్నాయనీ, ఒకే కృతిని ఒకరు పాడినట్టు ఒకరు పాడరనీ, ఎవరి పాఠం వారికి ప్రాణమనీ చెప్పారు. "పాఠాంతరాలు లేని పాట ఎవరూ పాడని పాట" అన్నారు. ఆయన కొంచెం కుదుటపడ్డారు. సంచికలో 'డబ్బా' అని మాత్రమే వేశాం.

జాబితాలో మిగిలిన అయిదుగురి దగ్గరికి ఇప్పుడు కాగితం లేకుండా వెళుతున్నాం. వెళ్లి కూర్చుని, చేతికి ఏ పని ఇస్తే అది చేస్తున్నాం. ఒకాయన మా చేత మేకకు గడ్డి కోయించారు. ఇంకా ఏమీ చెప్పలేదు. మీ ఇళ్లల్లో మా జాబితాకు ఎక్కని పెద్దలుంటే, ద్వారం దగ్గర ఉన్న పుస్తకంలో మీ ఫోను నంబరు రాయండి. మేమే రావాలని లేదు. వాళ్ల మనవలు ఒక సాయంత్రం ఫోను పక్కన పెట్టి వంటింట్లో కూర్చుంటే చాలు. ఏం చూశారో వచ్చి మాకు చెప్పినా సంతోషమే. తెలుగులో చెప్పలేకపోతే క్రియోల్‌లో చెప్పండి, శ్రుతి పోకుండా రాయడం ఇప్పుడు కొద్దికొద్దిగా నేర్చుకుంటున్నాం.

అవతల సెమ్మెలో నూనె పోస్తున్నారు. తాళాలవాళ్లు మా వంక అదోలా చూస్తున్నారు. డబ్బా సంగతి మాత్రం మమ్మల్ని అడగకండి. మొన్న వాళ్ల అటక దులుపుతుంటే ఒక మూత దొరికిందట. తుప్పు పట్టింది గాని బొమ్మ కొంచెం కనబడుతోందట. ఆ పిల్ల దాన్ని సంచిలో పెట్టుకుని వచ్చింది. మూడో వరుసలో ఎడమ చివర కూర్చుని ఉంది. పెద్ద మావయ్య కూడా వచ్చారు, ఆయన ఇంకా ఒప్పుకోలేదు.